తోట లైట్లకు ముందుగా కొనాల్సింది ట్రాన్స్‌ఫార్మర్

ఇంటి ముందు తోటకు లైట్లు పెట్టించుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే వరసలో వస్తాయి. మట్టిలో గుచ్చే స్పైక్ లైటు నలుపుదా, ఇత్తడిదా? వార్మ్ వైట్ చాలా, ఇంకాస్త పసుపు ఉండాలా? కొబ్బరిచెట్టు మొదట్లో ఒకటి సరిపోతుందా, రెండు కావాలా? కడియం నర్సరీ నుంచి లారీలో తెప్పించిన మొక్కల పక్కన ఏ లైటు అందంగా ఉంటుందో గంటలకొద్దీ మాట్లాడతారు. వీటన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె సంగతి మాత్రం చివరి రోజు సాయంత్రం బయటపడుతుంది. "సార్, చోక్ ఒకటి తేవాలి" అంటాడు ఎలక్ట్రీషియన్. మిగిలిన డబ్బుల్లో, దగ్గర్లోని షాపులో దొరికినదాన్ని తెచ్చి పొద మాటున బిగించేస్తారు.

ఈ వరస తిరగబడాలన్నది నా వాదన. ముందు ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత కేబుల్, ఆ తర్వాతే లైట్లు. ఇంటి 230 వోల్టుల కరెంటును పన్నెండు వోల్టులకు దించి తోట లైట్లకు ఇచ్చే పెట్టే ఈ ట్రాన్స్‌ఫార్మర్. తోటలో మనిషి ప్రాణానికి కాపలా కాసేది లైటు కాదు, ఆ పెట్టె. లైట్లు ఎన్నేళ్లు వెలుగుతాయో తేల్చేది కూడా ఎక్కువగా అదే.

అసలు పన్నెండు వోల్టుల గోల ఎందుకు, నేరుగా 230 ఇచ్చేస్తే పోలా అని చాలామంది అంటారు. హైదరాబాద్‌లో, విజయవాడలో చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో జరిగేది అదే. పొట్టి స్తంభంలా ఉండే బొల్లార్డ్ లైటు దగ్గర 230 వోల్టులు, మట్టిలో టేపు చుట్టిన జాయింట్లు, రోజూ పొద్దున పైపు పట్టుకుని, చెప్పుల్లేకుండా తిరిగే తోటమాలి. చర్మం తడిసి ఉన్నప్పుడు చేతి నుంచి కాళ్ల దాకా మన శరీర నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకోండి. 230 వోల్టులు తగిలితే 230 మిల్లీఆంపియర్లు పోతాయి. కరెంటు లీకైతే పసిగట్టి లైను ఆపేసే స్విచ్ ఆర్‌సీసీబీ. మనిషిని కాపాడటానికి పెట్టేది 30 మిల్లీఆంపియర్లకే ఆపేయాలి, అంటే అది ఎంత ప్రమాదకరమో చూడండి. అదే 12 వోల్టులైతే పోయేది 12 మిల్లీఆంపియర్లు. చెయ్యి గట్టిగా జివ్వుమంటుంది, కానీ మామూలుగా ప్రాణం మీదికి రాదు. ఈత కొలను నీళ్లలో మునిగి ఉండే లైట్లకు అంతర్జాతీయ ప్రమాణాలు 12 వోల్టుల ఏసీ దాటనివ్వకపోవడానికి కారణం ఇదే.

ఆర్‌సీసీబీ ఉంది కదా అంటారు. ఉంది, కానీ తడి మట్టిలో ఒక్కో జాయింటు దగ్గర కాస్త కాస్త లీకైతే అన్నీ కలిసి వాన మొదలైన పావుగంటకే దాన్ని ట్రిప్ చేస్తాయి. రెండు మూడు వానలు చూశాక ఎవరో ఒకరు "ఊరికే పడిపోతోంది" అని ఆ సర్క్యూట్‌ని ఆర్‌సీసీబీ బయట నుంచి లాగేస్తారు. కాపలావాణ్ణి ఇంటికి పంపేసి తలుపు తీసి పెట్టడం ఇది. పన్నెండు వోల్టుల వైపు ఇలాంటి లీకేజీ వచ్చినా ఎవరికీ ప్రాణగండం ఉండదు, ఆర్‌సీసీబీని తప్పించాలన్న ఆలోచనా రాదు.

అయితే లైటు మీద 12 వోల్టులు అని రాసి ఉన్నంత మాత్రాన తోట సురక్షితమైపోదు. ఆ 12 వోల్టులు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదే అసలు సంగతి.

తెల్లాపూర్ వైపు ఒక విల్లాలో ఇంటావిడ ఫిర్యాదు ఇది. లైట్ల దగ్గర కలుపు తీస్తుంటే చేతికి చిమచిమలాడుతోందని తోటమాలి అంటున్నాడు. లైట్లు వేసిన అతను మాత్రం "ఏం కాదు మేడమ్, పన్నెండు వోల్టులే గదా" అని కొట్టిపారేశాడు. ప్లాస్టిక్ పెట్టె మూత తీసి చూస్తే లోపల సీసీ కెమెరాలకు, సైన్‌బోర్డులకు వాడే ఎస్‌ఎంపీఎస్ (230 ఏసీని తక్కువ వోల్టుల డీసీగా మార్చే ఎలక్ట్రానిక్ సప్లై) ఉంది, ఒళ్లంతా రంధ్రాలున్న వెండిరంగు రేకు పెట్టె. మూలన ఎండిపోయిన బల్లి. టెర్మినల్ స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము. ఎర్త్ వైరును కత్తిరించి, వెనక్కి మడిచి, టేపు చుట్టి వదిలేశారు. మల్టీమీటరు ఒక కాలు ఆ రేకుకి, ఇంకో కాలు మంచి ఎర్త్‌కి పెడితే వంద వోల్టుల పైనే చూపించింది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఇలాంటి ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి రేకుకి ఒకటి, న్యూట్రల్ నుంచి రేకుకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. లోపలి సర్క్యూట్ పుట్టించే రొద (నాయిస్) కరెంటును ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేకపోతే ఆ రేకు 230కి సరిగ్గా నడుమ, 115 దగ్గర వేలాడుతుంది. ఆ పెట్టెలో అవుట్‌పుట్ మైనస్ కూడా ఇంకో కెపాసిటర్ ద్వారా అదే రేకుతో ముడిపడి ఉంది. ప్లాస్టిక్ మేకు మీద నిలబెట్టిన ఇత్తడి లైటు బాడీ దాకా ఆ వోల్టేజీ అలా చేరింది. ఆ చిమచిమ ఒక మిల్లీఆంపియరు కూడా ఉండదు, దానితో ఎవరూ చచ్చిపోరు. కానీ అది హెచ్చరిక. అదే పెట్టెలో ఇన్సులేషన్ ఒక్కచోట దెబ్బతింటే రేకు మీదికి మొత్తం 230 వస్తుంది, దాన్ని లాగేసుకోవాల్సిన ఎర్త్ అక్కడ లేదు. తోటమాలి మాటను ఆ ఇంటావిడ పట్టించుకున్నారు కాబట్టి సరిపోయింది.

తోటకు కావలసింది సేఫ్టీ ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్. ప్రైమరీ (230 వోల్టుల వైపు) చుట్లు, సెకండరీ (12 వోల్టుల వైపు) చుట్లు విడివిడిగా, మధ్యలో రెట్టింపు ఇన్సులేషన్‌తో ఉండాలి. కొనేటప్పుడు లేబుల్ మీద ఐఈసీ 61558-2-6 అన్న నంబరు కోసం చూడండి. కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో గంటసేపు తిరిగితే నాలుగైదు రకాల పెట్టెలు చూపిస్తారు, ఈ నంబరు అడిగితే సగం పెట్టెలు వెనక్కి వెళ్లిపోతాయి. షాపులోనే చేయగలిగే చిన్న పరీక్ష ఒకటుంది. ఇన్‌పుట్ వైరుకి, అవుట్‌పుట్ వైరుకి మధ్య మల్టీమీటరుతో ఓమ్స్ చూడండి. ఏమీ చూపించకూడదు. కొద్ది ఓములు చూపిస్తే అది ఆటో ట్రాన్స్‌ఫార్మర్, లోపల ఒకే చుట్ట. దాన్ని తోట గేటు దాటి లోపలికి రానివ్వకండి. ఈ పరీక్షలో పాసైనంత మాత్రాన ఇన్సులేషన్ గట్టిదని కాదు, ఫెయిలైతే మాత్రం ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

ఇంకో మాట. ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని ఎర్త్‌కి కలపకూడదు. మంచి చేస్తున్నామనుకుని కొందరు ఒక తీగను ఎర్త్ పిట్‌కి కట్టేస్తారు. అది దేనికీ అంటుకోకుండా ఉండటంలోనే దాని భద్రత ఉంది.

"ఎల్‌ఈడీ కాలంలో ఇంకా ఇనుమూ రాగీ మోయడమేంటి, చిన్న డ్రైవరు చాలదా?" ఇది న్యాయమైన ప్రశ్న. డ్రైవరంటే ఎల్‌ఈడీకి కావలసిన కరెంటు ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె. పేరున్న కంపెనీ 24 వోల్టుల డీసీ డ్రైవరు, ఐపీ67 (దుమ్ము, నీళ్లు చొరని రకం), లోపల రబ్బరులా పోత పోసి సీల్ చేసినది దొరికితే నేను కాదనను. మెట్ల కింద స్ట్రిప్ లైట్లకు అదే సరైనది. అయినా మట్టిలో పాతే స్పైక్ లైట్లకు నా ఓటు ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్‌కే, ముఖ్యంగా కోర్ గుండ్రటి రింగులా ఉండే టొరాయిడల్ రకానికి. మొదటి కారణం మన ఎండ. డ్రైవర్లలో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు వేడి పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగమైపోతుంది. మే నెలలో బయట 43 ఉంటే పడమటి గోడ మీద పెట్టె లోపల ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. అదే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ క్లాస్ బి ఇన్సులేషన్‌ది అయినా 130 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. రెండోది, కరెంటు పోయి వచ్చేటప్పుడు తగిలే దెబ్బలు. రాగి చుట్టలు వాటిని ఓర్చుకున్నట్టు చవక డ్రైవర్లు ఓర్చుకోవు. మూడో కారణం జనానికి అంతగా తెలియదు. తడి జాయింటులో డీసీ పారితే ప్లస్ వైపు రాగి కరిగి పచ్చటి పొడిగా రాలిపోతుంది. ఏసీలో ఆ తినివేత చాలా తక్కువ. మన జాయింట్లన్నీ ఎప్పటికీ పొడిగా ఉంటాయని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

అస్సలు వద్దనేది ఒకటుంది. పాత హాలోజెన్ బల్బుల కోసం వచ్చిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్. అగ్గిపెట్టెల దొంతరంత ఉంటుంది, చవక. అది పనిచేయాలంటే కనీసం ఇంత లోడు ఉండాలని ఒక లెక్క ఉంటుంది, సాధారణంగా ఇరవై వాట్లు. దానికి ఐదు వాట్ల ఎల్‌ఈడీలు ఒకటి రెండు తగిలిస్తే మినుకుమినుకుమంటాయి. పైగా అది ఇచ్చేది 50 హెర్ట్జ్ కాదు, వేల హెర్ట్జ్. ఫాల్స్ సీలింగ్‌లో ఒకటి రెండు మీటర్ల వైరుకి తయారుచేసినదాన్ని ముప్ఫై మీటర్ల తోట కేబుల్‌కి కట్టడం దాన్ని బాధపెట్టడమే.

సైజు లెక్కకు వస్తే, వాట్లు కూడి దానికి సరిపడా పెట్టె కొనేయడం అలవాటైపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసేది వీఏ, అంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది. 12 వోల్టుల ఏసీ ఎల్‌ఈడీ లైట్ల పవర్ ఫ్యాక్టర్ (వీఏలో వాట్ల వంతు) చాలాసార్లు 0.6 దగ్గరే ఉంటుంది. ఐదు వాట్ల లైట్లు ఇరవై అంటే వంద వాట్లు, కానీ ట్రాన్స్‌ఫార్మర్ మోసేది సుమారు 167 వీఏ. మన ఎండకి, రేపు ఇంకో నాలుగు లైట్లు తగిలించే మన అలవాటుకి, దీపావళికి అదే పెట్టె నుంచి లాగే 12 వోల్టుల సీరియల్ సెట్లకి కలిపి ఎనభై శాతం మించి నింపకూడదు. అంటే 208, కొనాల్సింది 250 వీఏ. అలాగని నాలుగు లైట్లకు 500 వీఏ పెట్టేసినా మంచిది కాదు. లోడు లేని ట్రాన్స్‌ఫార్మర్ 12 అని రాసి ఉన్నా 13 దగ్గర ఇస్తుంది. రాత్రి పది దాటాక లైన్ వోల్టేజీ 250కి ఎక్కితే అది 14 అవుతుంది. మొదటి లైటు ఏడాదికోసారి పోతోందంటే లైటు కంపెనీని తిట్టే ముందు అక్కడ వోల్టేజీ చూడండి.

చివరి లైటు కథ దీనికి తలకిందులు. ముప్ఫై మీటర్ల దూరంలో 60 వీఏ లోడు ఉందనుకుందాం, 12 వోల్టులకి ఐదు ఆంపియర్లు. రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ పోవడానికీ రావడానికీ కలిపి అరవై మీటర్లు, నిరోధం సుమారు 0.48 ఓములు. దారిలోనే 2.4 వోల్టులు పోయి చివరకు మిగిలేది 9.6. సాదా రకం లైట్లు మసకబారతాయి. లోపల డ్రైవరున్న లైట్లు ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగి, చివరికి వెలిగి ఆరుతూ ఉంటాయి. అదే 24 వోల్టుల సిస్టమైతే కరెంటు సగం, పోయేది 1.2 వోల్టులే, అంటే ఐదు శాతం. 12 దగ్గరే ఉండాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను గేటు దగ్గర కాకుండా లోడుకు నడుమ పెట్టి, రెండు వైపులా పదిహేనేసి మీటర్లు, సగం సగం లైట్లు కట్టండి. పోయేది 0.6 వోల్టులకు దిగుతుంది. పెట్టెను నాలుగడుగులు జరిపితే వచ్చే లాభాన్ని లావు కేబుల్ కొని తెచ్చుకోవడం ఎందుకు?

అమెరికాలో ఇళ్ల తోటలు చాలావరకు ఈ 12 వోల్టుల మీదే నడుస్తాయి. అక్కడి పెట్టెల్లో 12, 13, 14, 15 వోల్టులని వేర్వేరు ట్యాపులు, అంటే అవుట్‌పుట్ పాయింట్లు, ఉంటాయి. దూరం లైట్ల లైనును 14 మీద, దగ్గరివి 12 మీద పెడతారు. ఆ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ఇక్కడ కూడా ఆర్డరిస్తే చుట్టి ఇచ్చేవాళ్లున్నారు, అడగడం లేదంతే. కానీ డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువుల సూట్‌కేసులో ఆ పెట్టెనే తెప్పించుకోకండి. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది. నేరుగా 230కి పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ పెట్టి 120 ఇచ్చినా మన 50 హెర్ట్జ్ దగ్గర దాని కోర్‌లో అయస్కాంత ప్రవాహం ఇరవై శాతం పెరిగి, సలసల కాగుతూ గుయ్యిమంటుంది.

ఇక అందరూ వదిలేసే విషయం, నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది: సెకండరీ వైపు ఫ్యూజు. 300 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ప్రైమరీలో ఆరు ఆంపియర్ల ఎంసీబీ ఉంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. ఇప్పుడు ఇందాకటి ముప్ఫై మీటర్ల కేబుల్ చివర గునపం దిగి రెండు తీగలూ కలిసిపోయాయనుకోండి. 12 వోల్టులను 0.48 ఓములతో భాగిస్తే 25 ఆంపియర్లు. అదే ఆ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి సామర్థ్యం. దాని దృష్టిలో ఇది షార్ట్ కాదు, ఫుల్ లోడు. ప్రైమరీలో పారేది 1.3 ఆంపియర్లే, ఎంసీబీ జన్మలో పడదు. ఆర్‌సీసీబీకి అవతలి వైపు ఏం జరుగుతోందో కనిపించదు. ఆ 25 ఆంపియర్లు రాత్రంతా కేబుల్లో పారుతూ ఎక్కడ వదులు జాయింటుంటే అక్కడ దాన్ని కాల్చుతాయి, ఆ జాయింటు ఎండాకుల కుప్ప కింద ఉండొచ్చు. అందుకే సెకండరీని రెండు మూడు లైన్లుగా విడదీసి ఒక్కోదానికి పది ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఎలక్ట్రీషియన్ కొటేషన్‌లో ఈ ఒక్క లైను లేకపోతే అతనితో కూర్చుని మాట్లాడండి. ఫ్యూజు పోయినప్పుడు దాని స్థానంలో రాగి పోగు చుట్టే అలవాటున్నవాళ్లను పెట్టె దగ్గరికి రానివ్వకండి. ప్రైమరీ వైపు ఎంసీబీ సి కర్వ్ రకంది తీసుకోండి, టొరాయిడల్ ఆన్ చేసిన క్షణంలో లాగే కరెంటుకి బి కర్వ్ ఊరికే పడిపోతుంది.

పెట్టె ఎక్కడ బిగించాలంటే, నేల నుంచి కనీసం అడుగు పైన, నీడ ఉండే ఉత్తరపు గోడకు, కేబుళ్లన్నీ అడుగు వైపు నుంచే గ్లాండ్ల (కేబుల్ చుట్టూ బిగిసే రబ్బరు బిగింపుల) ద్వారా లోపలికి పోయేలా. పైనుంచి కేబుల్ దింపితే వాన నీళ్లు దాని వెంటే లోపలికి వస్తాయి, ఎంత సిలికాన్ పూసినా ఆగవు. టైమరు ప్రైమరీ వైపే ఉండాలి, లేకపోతే లైట్లు ఆరిన పగలంతా కోర్ ఊరికే కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది. హైదరాబాద్‌లో నవంబరు చివర ఐదూ నలభైకే పొద్దుగుంకుతుంది, జూలైలో దాదాపు ఏడవుతుంది. కాబట్టి రోజును బట్టి సమయం మార్చుకునే టైమరైతే మేలు. వెలుతురు సెన్సరు కూడా సరే, మందార కొమ్మ దాని మీద నీడ వేయనంతవరకు.

మెయింటెనెన్స్ అంటే ఫ్యూజైన లైటు మార్చడమే అనుకుంటారు. ఏడాదిలో ఒక పూట చాలు, కానీ అది తొలకరికి ముందే, మే నెలాఖరులో జరగాలి. మెయిన్ ఆపి మూత తీయండి. చీమల పుట్టమన్ను, బల్లి గుడ్లు శుభ్రం చేయండి. ప్రతి టెర్మినల్ స్క్రూ బిగించండి. ఒకచోట వైరు తొడుగు గోధుమరంగుకి తిరిగి పెళుసుగా తగిలితే అక్కడ ఏడాదిగా కాలుతోందని అర్థం. ఆ ముక్క కత్తిరించి కొత్తగా కొనలు తీయాలి, పాత కొననే బిగిస్తే మళ్లీ అదే. టేపు జాయింట్లు కనిపిస్తే తీసేసి జెల్ నింపిన కనెక్టర్లు వేయించండి. ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుయ్యిమనడం సహజం. నిరుటి కన్నా ఆ శబ్దం పెరిగిందంటే ఎవరో లోడు పెంచి ఉండొచ్చు, లేదా లైనులో ఎక్కడో తీగలు కలుస్తుండొచ్చు. ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెడతానంటే సంతోషించండి, కానీ లైట్లన్నీ విప్పాకే వేయమనండి, లేకపోతే వాటిలో ఉన్న డ్రైవర్లు పోతాయి.

తర్వాత ఆన్ చేసి, లైట్లన్నీ వెలుగుతుండగా నాలుగు కొలతలు తీసుకోవాలి: వచ్చే లైన్ వోల్టేజీ, సెకండరీ వోల్టేజీ, ఒక్కో లైనుకు క్లాంప్ మీటరుతో ఆంపియర్లు, చివరి లైటు దగ్గర వోల్టేజీ. ఇవి తేదీతో సహా మూత లోపలి వైపు అంటించిన కాగితం మీద రాయాలి. ఏ లైను ఏ మూలకు పోతుందో, ఎన్ని లైట్లున్నాయో ఆ కాగితం మీదే బొమ్మ గీయాలి. నేను చేసే ప్రతి పనిలో ఇది ఉంటుంది. మొదట్లో వృథా అనుకున్నవాళ్లే తర్వాత ఫోన్ చేసి "నిరుడు చివరి లైటు దగ్గర 11.2 ఉంది, ఇప్పుడు 10.1 చూపిస్తోంది" అంటారు. ఆ మాట చాలు, ఏ లైనులో జాయింటు పాడవుతోందో సగం తెలిసిపోతుంది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. మంచి ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్, దానికి సరైన పెట్టె, ఫ్యూజులు కలిపితే చవక ఎస్‌ఎంపీఎస్ కన్నా చాలా రెట్లు ఎక్కువే అవుతుంది, దాచేదేమీ లేదు. బడ్జెట్ బిగుసుకుపోతే నేను ఇచ్చే సలహా ఒకటే: ఇరవై లైట్లకు బదులు పద్నాలుగు పెట్టించుకోండి. ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం ఇరవైకి సరిపడేదే కొనండి. మిగతా ఆరు లైట్లు వచ్చే ఏడు అదే కేబుల్‌కి, అదే పెట్టె నుంచి తగిలించుకోవచ్చు.